కుళ్లిన వంకాయ నేర్పిన జీవశాస్త్రం: డిగ్రీ ప్రయోగశాలల్లో పరిశోధన

2010లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో లిల్లీ హోల్స్ట్ అనే విద్యార్థిని కుళ్లిపోతున్న వంకాయ అడుగు నుంచి కొంచెం నమూనా తీసింది. బాక్టీరియాను చంపే వైరస్‌ను, అంటే ఫేజ్‌ను, వేరుచేయడం క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలో ఆమె చదువులో భాగం. దొరికిన ఫేజ్‌కు ‘మడ్డీ’ అని పేరు పడింది. 2019లో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో ఆ పేరు మళ్లీ వచ్చింది. ఊపిరితిత్తుల మార్పిడి తరువాత మైకోబాక్టీరియం అబ్సెసస్ అనే బాక్టీరియా ఒంట్లో పాకి, యాంటీబయాటిక్‌లు పనిచేయని స్థితికి చేరిన 15 ఏళ్ల బాలికకు లండన్‌లో మూడు ఫేజ్‌ల మిశ్రమం ఎక్కించారు. అందులో మడ్డీ ఒకటి. ఆమె పుండ్లు చాలావరకు మానాయి, ఇన్‌ఫెక్షన్ తగ్గుముఖం పట్టింది.

ఇలాంటి ఫలితం ఏ కోర్సులోనైనా అరుదే. ఇక్కడ గమనించాల్సింది హోల్స్ట్ చేసిన ప్రయోగానికి జవాబు ముందుగా ఎవరికీ తెలియకపోవడం.

అమెరికాలో హోవార్డ్ హ్యూస్ వైద్య సంస్థ 2008లో ఇదే దారిలో ‘సీ-ఫేజెస్’ కోర్సును మొదలుపెట్టింది. మొదటి సంవత్సరం విద్యార్థులు పెరట్లోనో కాలేజీ ఆవరణలోనో గుప్పెడు మట్టి తెచ్చి, అందులోంచి ఫేజ్‌ను వేరుచేసి, శుద్ధిచేసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తారు, దానికి తామే పేరు పెడతారు. తరువాతి సెమిస్టర్‌లో జన్యుక్రమాన్ని చదివి ఏ జన్యువు ఎక్కడ మొదలవుతుందో నిర్ణయిస్తారు. 2014లో వెలువడిన అధ్యయనం నాటికి 73 విద్యాసంస్థల్లో 4,800 మందికి పైగా ఈ కోర్సు చేశారు. వారిలో సైన్సుపై ఆసక్తి పెరిగిందనీ, సైన్సు చదువుల్లో నిలిచినవారు ఎక్కువయ్యారనీ అది తేల్చింది.

పాఠం విని పరీక్ష రాసే పద్ధతి ఎక్కడ తప్పుతుందో చెప్పడానికి ఒక పాత ప్రశ్న చాలు: చెట్టు బరువు ఎక్కడి నుంచి వస్తుంది? శాస్త్రవేత్త ఫాన్ హెల్మాంట్ 200 పౌండ్ల ఎండు మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి ఐదేళ్లు నీళ్లు పోశాడు. చెట్టు 169 పౌండ్లకు చేరింది, మట్టి తగ్గింది సుమారు 2 ఔన్సులే. బరువంతా నీటిదేనని ఆయన అనుకున్నాడు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో చెట్టు పెరుగుతుందని ఆయనకు తెలియదు. 1648లో అచ్చయిన ప్రయోగమిది. 1997 నాటి ‘మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్’ చిత్రంలో హార్వర్డ్, ఎంఐటీ పట్టభద్రుల చేతికి చెక్కదుంగ ఇచ్చి ఇదే ప్రశ్న అడిగారు. కిరణజన్య సంయోగక్రియ చదువుకున్నవాళ్లే మట్టి అనీ, నీరు అనీ చెప్పారు. సమీకరణం కంఠతా వచ్చినా, అది కళ్లెదుటి దుంగకు వర్తిస్తుందని తోచలేదు.

ఇది పిల్లల తెలివికి సంబంధించిన లోపం కాదు. స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో సైన్సు, ఇంజినీరింగ్, గణిత కోర్సులపై 225 అధ్యయనాలను కలిపి చూసింది. కేవలం ఉపన్యాసంతో సాగే తరగతుల్లో 33.8 శాతం మంది ఫెయిలైతే, విద్యార్థులు ఆలోచించి, చర్చించి, పనిచేసే తరగతుల్లో అది 21.8 శాతమే.

తెలుగు రాష్ట్రాల జీవశాస్త్ర డిగ్రీ విద్యార్థికి ప్రాక్టికల్స్ అంటే గుర్తొచ్చేవి రికార్డు, స్పాటర్లు, వైవా. సీనియర్ల రికార్డు చూసి బొమ్మలు దించడం చాలా కాలేజీల్లో మామూలే. జంతుశాస్త్ర ప్రాక్టికల్స్‌లో జంతువులను కోయడాన్ని యూజీసీ 2014లో ఆపించింది. జీవుల పట్ల దయతో తీసుకున్న సరైన నిర్ణయమది. అయితే ఆ ఖాళీని చార్టులతో, కంప్యూటర్ బొమ్మలతో నింపితే సరిపోదు. బొమ్మలో ప్రతి భాగానికీ పేరు ముందే రాసి ఉంటుంది, విద్యార్థి వెతకాల్సింది ఏమీ మిగలదు.

జన్యుక్రమం చదివించడానికి డబ్బు కావాలి, నిజమే. కాలేజీ ఆవరణలోని వేపచెట్టు ఏ వారం పూస్తుందో రాసుకోవడానికి అక్కర్లేదు. ‘సీజన్‌వాచ్’ దేశవ్యాప్తంగా అలాంటి పరిశీలనలనే సేకరిస్తోంది. ఏటా ఫిబ్రవరిలో జరిగే క్యాంపస్ పక్షుల లెక్కింపులో ఏ డిగ్రీ కాలేజీ అయినా చేరవచ్చు. పాఠ్యప్రణాళికలు రాసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులు ప్రతి సెమిస్టర్‌లో కనీసం ఒక ప్రాక్టికల్‌ను, అధ్యాపకులకు కూడా జవాబు తెలియని ప్రశ్నకు కేటాయించాలి. దానికి మార్కులు కూడా ఇవ్వాలి.