రేషన్ బియ్యం, సంఘం జొన్నలు: ఆహార భద్రత చరిత్రలో జహీరాబాద్ పాఠం

1983లో ఆంధ్రప్రదేశ్‌లో రెండు పనులు మొదలయ్యాయి. ఒకటి అందరికీ తెలిసిందే: ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో 2 రూపాయల బియ్యం పథకం. రెండోది పెద్దగా ఎవరూ గమనించలేదు. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) అనే స్వచ్ఛంద సంస్థ పని ప్రారంభించింది. పేదవాడి ఆకలికి ఈ రెండూ చెరో జవాబు ఇచ్చాయి. ఆహార భద్రతపై వ్యాసం రాసేవారు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

నేపథ్యం

మన ప్రజా పంపిణీ వ్యవస్థ కరువు భయంలోంచి పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధకాలపు రేషనింగ్, 1943 బెంగాల్ కరువు, ఆ తర్వాత పీఎల్-480 కింద అమెరికా గోధుమల మీద ఆధారపడాల్సి రావడం మన పాలకులకు గట్టి పాఠాలు నేర్పాయి. 1965లో భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడ్డాయి. హరిత విప్లవంతో గోధుమ, వరి దిగుబడులు పెరిగాయి. ప్రభుత్వం మద్దతు ధరకు కొన్నది ప్రధానంగా ఆ రెండు పంటలనే, అదీ నీటి వసతి ఉన్న ప్రాంతాల నుంచే. కొన్నదాన్నే పంచాలి కాబట్టి, జొన్న పండే మెట్ట ఊళ్లకు కూడా రేషన్ షాపు ద్వారా చేరింది బియ్యమే.

దీని మేలును తక్కువ చేయకూడదు. కూలి డబ్బుతో గింజలు కొనుక్కునే కుటుంబానికి చౌక బియ్యం పెద్ద ఆసరా. అయితే బియ్యం వచ్చిన ఊళ్లో జొన్న వేయడం దండగనే భావన కూడా బలపడింది. భూ సంస్కరణల ద్వారా దళిత కుటుంబాలకు దక్కినవి ఎక్కువగా నిస్సారమైన చెలకలు. పెట్టుబడి లేక అవి పడావు పడ్డాయి. అంటే చేతిలో భూమి ఉన్నా తిండికి రేషన్ షాపు వైపు చూడాల్సి వచ్చింది.

సంఘం ధాన్య నిధి

దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసిన పి.వి. సతీష్ డీడీఎస్ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఈ సంస్థకు బలం ఊరూరా ఏర్పడిన మహిళా సంఘాలు. సభ్యుల్లో అత్యధికులు దళిత సన్నకారు రైతులు. 1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో ఈ సంఘాలు సుమారు 30 గ్రామాల్లో ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీని నడిపాయి.

దాని పద్ధతి సులువైనది. పడావు భూమి ఉన్న రైతుకు దుక్కికి, ఎరువుకు, విత్తనానికి సంఘం అప్పు ఇస్తుంది. రైతు ఆ అప్పును కొన్నేళ్లపాటు జొన్నల రూపంలో తీరుస్తాడు. ఆ గింజలను ఊళ్లోనే నిల్వ చేస్తారు. పని దొరకని వానాకాలపు నెలల్లో పేద కుటుంబాలకు తక్కువ ధరకు అమ్ముతారు. అమ్మిన డబ్బు మళ్లీ నిధికే చేరుతుంది. ఎవరు పేదలో తేల్చేది ఊరివాళ్లే. నేల మీద ఊరి పటం గీసి, ఇంటింటి పరిస్థితి అందరి ముందు చర్చించి నిర్ణయించేవారు. ఇలా 2,000 ఎకరాలకు పైగా పడావు భూమి సాగులోకి వచ్చింది.

ఇందులో ఒకే ఖర్చుతో నాలుగు పనులు జరిగాయి: బీడు సాగైంది, ఊళ్లో కూలి దొరికింది, పశువులకు చొప్ప వచ్చింది, ఇంట్లోకి తిండి చేరింది. పైగా జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి వేసిన చేనులో గునుగు, తుమ్మి, దొగ్గలి, పాయలకూర వంటి ఆకుకూరలు ఎవరూ విత్తకుండానే మొలుస్తాయి. రోజూ కూర కొనలేని ఇంటికి ఇవి ఖర్చు లేని తాజా పోషకాహారం. కలుపు మందు కొట్టిన పొలంలో ఇవి మిగలవు. బస్తాలో వచ్చే బియ్యంతో పాటు ఇవి రావు.

పరిమితులు

ఈ నమూనాను ఆకాశానికెత్తడం కూడా సరికాదు. కొన్ని పదుల గ్రామాల్లో నడిచినదాన్ని దేశమంతా నడపాలంటే నమ్మకమైన సంఘాలు కావాలి, అవి ఉత్తర్వులతో పుట్టవు. కొర్ర, సామ పొట్టు తీయడం శ్రమతో కూడిన పని, ఆ భారం ఆడవాళ్ల మీదే పడుతుంది. వానలు పూర్తిగా ఎగ్గొట్టిన ఏడాది ఊరి గింజలు ఊరికి చాలవు, అప్పుడు కేంద్ర నిల్వలే దిక్కు. కాబట్టి ఒకటి కావాలా, రెండోది కావాలా అన్నది సరైన ప్రశ్న కాదు.

చట్టంలో చోటు

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం బియ్యం 3 రూపాయలకు, గోధుమలు 2 రూపాయలకు, ముతక ధాన్యాలు 1 రూపాయికి ఇస్తామంది. 2023 నుంచి ఇవి ఉచితం. ఇదే చట్టంలోని 12వ సెక్షన్ ప్రజా పంపిణీ సంస్కరణల్లో భాగంగా స్థానిక పంపిణీ నమూనాలకు, ధాన్య బ్యాంకులకు మద్దతు ఇవ్వాలని చెబుతుంది. పరీక్షార్థులు సాధారణంగా దాటేసే వాక్యమిది. కర్ణాటకలో రాగి, జొన్నలను, ఒడిశాలో 2017 మిల్లెట్ మిషన్ తర్వాత రాగిని రేషన్‌లో ఇవ్వడం ఈ దిశలో పడిన అడుగులే.

డీడీఎస్‌కు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి దక్కింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచం జరుపుకుంది. ఆ ఏడాది మార్చిలోనే సతీష్ కన్నుమూశారు. ఈలోగా చిరుధాన్యాలు నగరాల్లో ఖరీదైన ఆరోగ్యాహారంగా మారాయి. పండించిన ఇంటికే అవి అందని పరిస్థితి వస్తే ఆ ఉత్సవాలకు అర్థం ఉండదు.

ముగింపు

ఆర్టికల్ 47 పోషకాహార స్థాయిని పెంచడం రాజ్య బాధ్యత అంటుంది. పేదవాడిని లబ్ధిదారుగా మాత్రమే చూస్తే ఆ బాధ్యత బస్తాల లెక్కతో ముగుస్తుంది. జహీరాబాద్ మహిళలు తమను పండించేవారిగా, నిల్వ చేసేవారిగా, పంచేవారిగా నిలబెట్టుకున్నారు. కడుపు నింపడం ఆహార భద్రతలో మొదటి మెట్టు. ఏం పండించాలో, ఏం తినాలో నిర్ణయించుకునే హక్కు దాని తర్వాతి మెట్టు.