అచ్చులో ఉంది, వెతికితే లేదు

తెలుగు రాసేవాళ్ళలో ఆంధ్రభారతి తెలియనివాళ్ళు తక్కువ. ఒక్క మాట కొడితే బ్రౌను నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు, ఇంకా బోలెడు వరసగా అర్థాలు చెప్తాయి. కానీ ఇలాంటి సైటు మీద ఇంగ్లీషు వికీపీడియాలో వ్యాసం నిలబడాలంటే ఈ ఉపయోగమేదీ లెక్కలోకి రాదు. సైటుతో సంబంధం లేనివాళ్ళు దాని గురించి నమ్మదగిన చోట వివరంగా రాసి ఉండాలి. ఆ రూలు తప్పని నేననను. అదే లేకపోతే ప్రతి కొట్టువాడూ అక్కడ బోర్డు తగిలించేస్తాడు.

మన చిక్కు వేరే. 2000ల మొదట్లో మన దినపత్రికల సైట్లు చాలావరకు యూనికోడ్ వాడలేదు, ఎవరి ఫాంటు వారిదే. తెరమీద చక్కటి తెలుగు, గూగుల్‌కి మాత్రం పిచ్చిగీతలు. అప్పుడు తెలుగు సైట్ల గురించి ఎవరేం రాసినా ఇప్పుడు వెతికితే తగలదు. ఆ ఫాంటులని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' రాసిన వెన్న నాగార్జునే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాని మొదలుపెట్టారు. (ఆ రోగం ఆయనకి బాగా తెలుసన్నమాట!)

ఇక్కడ సింగపూరులో నేషనల్ లైబ్రరీ వాళ్ళ పుణ్యమా అని 1845 నాటి స్ట్రెయిట్స్ టైమ్స్ కూడా ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. మనకి 20 ఏళ్ళ కిందటిదే గగనం.

అయితే "గూగుల్లో లేదు కాబట్టి తీసేయండి" అనడానికి వికీ రూలు ఒప్పుకోదు. ఆధారం ఆన్‌లైన్లో ఉండక్కర్లేదు, ఇంగ్లీషులోనూ ఉండక్కర్లేదు. పత్రిక పేరు, తేదీ, పేజీ సరిగ్గా చెబితే చాలు. ఆ పాత కట్టలు విప్పాల్సింది మాత్రం హైదరాబాదులోనో, విజయవాడలోనో ఉన్నవాళ్ళే. ఇక్కణ్ణుంచి మావల్ల అయ్యే పని కాదు.