ఫెదర్‌స్టన్‌హా (ఇంటిపేరు)

ఫెదర్‌స్టన్‌హా ఇంగ్లండులో అరుదుగా కనిపించే ఇంటిపేరు. నార్తంబర్లాండ్‌లో హాల్ట్‌విజిల్ పట్టణం దగ్గర, సౌత్ టైన్ నది ఒడ్డునున్న ఊరి నుంచి వచ్చింది. పాత ఇంగ్లిషులో ‘నాలుగు రాళ్లున్న లోయమూల’ అని దీనికి అర్థం చెబుతారు. ఇంగ్లిషులో పూర్తిగా రాస్తే 17 అక్షరాలు. పలికేటప్పుడు మాత్రం చాలామంది ‘ఫాన్‌షా’ అంటారు.

ఈ వంశీకుడు సర్ మాథ్యూ 1747లో ససెక్స్‌లోని అప్‌పార్క్ ఎస్టేటు కొన్నాడు. ఆయన కుమారుడు సర్ హ్యారీ 1825లో, డెబ్బయ్యేళ్ల వయసులో, తన పాడిశాలలో పనిచేసే మేరీ ఆన్ బుల్లక్‌ను పెళ్లాడాడు. సంతానం లేకపోవడంతో ఆస్తి చివరకు ఆమె చెల్లెలు ఫ్రాన్సెస్‌కు దక్కింది. ఆమె ఈ ఇంటిపేరు పెట్టుకుంది. రచయిత హెచ్.జి. వెల్స్ తల్లి ఆమె ఇంట్లోనే హౌస్‌కీపర్. అమెరికాలో ప్రభుత్వ భూగర్భ సర్వేలు చేసిన జార్జ్ విలియం (1780–1866) ఇంటిపేరూ ఇదే.