పక్షవాతము – స్టాటినుల చరిత్రము

బెంగళూరునందలి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ తన పేరును హోసూరు, సర్జాపుర మార్గములనుండి గ్రహించినది. ఆ హోసూరు మార్గముననే, మరికొంత దక్షిణమున, బయోకాన్ సంస్థ కలదు. 1978లో ఎంజైముల తయారీతో ఆరంభమైన ఈ సంస్థ, కొలెస్టరాలును తగ్గించు లోవాస్టాటిన్ తయారీకి 2001లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ ఆమోదమును బడసినది.

ఈ మందులకు మూలము బూజు. జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో 1973లో పెనిసిలియమ్ జాతి బూజునందు మొదటి స్టాటినును కనుగొనెను. కాలేయమున కొలెస్టరాలును పుట్టించు ఎంజైమును అది అడ్డగించును. లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి లభించెను.

మెదడునకు పోవు రక్తనాళము పూడి పక్షవాతము వచ్చినవారికి దీనివలన మేలెంత? పక్షవాతముగాని, దాని పూర్వసూచనగాని కలిగిన 4,731 మందిపై జరిగిన స్పార్కిల్ పరిశోధనము 2006లో వెలువడెను. దినమునకు 80 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ సేవించినవారిలో సుమారు ఐదేండ్లలో నూటికి 11.2 మందికి పక్షవాతము వచ్చెను. మందులేని బిళ్ళలు మింగినవారిలో 13.1 మందికి వచ్చెను. మెదడులో రక్తస్రావము మాత్రము మందు సేవించినవారిలో కొంత హెచ్చెను.

పడిపోయిన చేతిని లేపుటకు వ్యాయామ చికిత్స కావలయును. రెండవ దెబ్బను కాచుటయే స్టాటిను పని. కావున చేయి కదలినదని, వైద్యుని అడుగకయే మందు మానుట తగదు.