ఓడకి ఈతొచ్చు

సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో కూర్చుంటే, రేవులో చోటు కోసం లంగరేసిన ఓడలు దూరంగా కనిపిస్తాయి. పక్కన మురీ మిక్చర్ తింటున్న నాలుగేళ్ళ పిల్లని అడిగి చూడండి: "అంత ఇనుము కదా, ఆ ఓడ ఎందుకు మునిగిపోలేదమ్మా?" "దానికి ఈతొచ్చు" అందంటే నవ్వకండి. ఏడేళ్ళ అన్న "తేలిగ్గా ఉంటుంది కాబట్టి" అనొచ్చు. మేకు అంతకంటే తేలిక కదా, అదెందుకు మునుగుతుందని అడిగితే తల గోక్కుంటాడు. పదో తరగతి అక్కైతే ఓడ బరువునీ, అది పక్కకి నెట్టిన నీళ్ళ బరువునీ పోల్చి చెబుతుంది.

ఒకటే ఓడ, మూడు జవాబులు. పరీక్షలో మొదటి రెండింటికీ సున్నాలే. ఆ సున్నాల్లో ఏముందో చూద్దామని వందేళ్ళ కిందట ఒక కుర్రాడికి తోచింది. పసివాళ్ళ ఆలోచన ఎలా ఎదుగుతుందన్న శాస్త్రం మలుపు తిరిగింది అక్కడే.

పెంపకంలో దశలు ఉంటాయని మన పెద్దలకి ముందే తెలుసు. అయిదేళ్ళ దాకా లాలించమనీ, ఆపైన పదేళ్ళు దండించమనీ, పదహారు వచ్చాక స్నేహితుడిలా చూడమనీ చెప్పే సంస్కృత శ్లోకం ఇప్పటికీ ఇళ్ళల్లో వినిపిస్తుంది. అయితే అది పెద్దవాళ్ళు ఎలా ఉండాలో చెబుతుంది. పిల్ల బుర్రలో ఏం జరుగుతోందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నతో ఉయ్యాల పక్కన కూర్చున్న తొలితరం వాళ్ళలో చార్లెస్ డార్విన్ ఒకడు. 1839లో పుట్టిన పెద్దకొడుకు విలియం చేష్టల్ని రాసిపెట్టుకుని, 1877లో 'మైండ్' పత్రికలో అచ్చువేయించాడు. 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ పిల్లల తెలివిని కొలిచే పరీక్ష తయారుచేశారు. దాంతో సరైన జవాబుల లెక్క మొదలైంది.

ఆ లెక్క పనిమీదే 1920 ప్రాంతంలో సిమోన్ దగ్గరకి వచ్చాడు ఝాన్ పియాజె. స్విట్జర్లాండ్‌లో 1896లో పుట్టినవాడు, నత్తల మీద పరిశోధన చేసినవాడు. ఇంగ్లండులో తయారైన తర్కం ప్రశ్నల్ని పారిస్ బడిపిల్లలకి ఇచ్చి, ఏ వయసువాళ్ళు ఎన్ని సరిగ్గా చెప్పారో తేల్చడం ఆయనకి అప్పగించిన పని. ఆయన కన్ను తప్పుల మీద పడింది. ఒక వయసు పిల్లలు ఒకే రకం తప్పు చేస్తున్నారు. అంటే అది అజ్ఞానం కాదు, దానికీ ఒక పద్ధతి ఉంది. అప్పటి నుంచి ఆయన మార్కులు వేయడం మానేసి, "ఎందుకలా అనుకున్నావు?" అని పిల్లల్ని కదిపి వినసాగాడు. 1921లో జెనీవాలోని రూసో సంస్థలో చేరాడు. ఆ తర్వాత పుట్టిన సొంత పిల్లలు జాక్లిన్, లూసియెన్, లారాన్ ముగ్గురినీ ఉయ్యాల నాటి నుంచే గమనిస్తూ రాసుకున్నాడు.

జెనీవా కూడా నీటి ఒడ్డు ఊరే. పడవలు ఎందుకు తేలుతాయని ఆయన అక్కడి పిల్లల్ని నిజంగానే అడిగాడు. భౌతిక కారణాల గురించి పిల్లలు ఏమనుకుంటారో చెప్పే 1927 నాటి పుస్తకంలో ఆ సంభాషణలు ఉన్నాయి. బాగా చిన్నవాళ్ళకి పడవ తేలాలి కాబట్టి తేలుతుంది. కాస్త పెద్దవాళ్ళకి అది బరువుగా, బలంగా ఉంది కాబట్టి తేలుతుంది. ఇంకాస్త పెద్దవాళ్ళకి తేలిక కాబట్టి. ఆ తర్వాత గానీ పడవనీ నీళ్ళనీ కలిపి ఆలోచించడం రాదు.

ఇలాంటి మెట్లనే ఆయన నాలుగు దశలుగా పేర్చాడు. టీచరు ఉద్యోగాల కోసం టెట్, డీఎస్సీ పరీక్షలకి కూర్చున్నవాళ్ళకి ఇవి కంఠతా వచ్చు: ఇంద్రియ చాలక, పూర్వ ప్రచాలక, మూర్త ప్రచాలక, అమూర్త ప్రచాలక. పేర్లు బరువైనవే గానీ, వాటిని చూడాలంటే విశాఖ చాలు.

మొదటిది పుట్టినప్పటి నుంచి రెండేళ్ళ దాకా. మన ఇళ్ళల్లో దోబూచులాట దీని ప్రయోగశాల. అయిదు నెలల బిడ్డ ముందు గిలక్కాయ మీద గుడ్డ కప్పితే వెతకదు. ఎనిమిది, తొమ్మిది నెలలొచ్చాక గుడ్డ లాగేస్తుంది. కంటికి కనిపించనిది కూడా ఉంటుందన్న ఎరుక వచ్చిందన్నమాట.

రెండు నుంచి ఏడేళ్ళ దశకి పియాజె, బార్బెల్ ఇన్‌హెల్డర్ కలిసి చేసిన ప్రయోగం ప్రసిద్ధం. బల్లమీద మూడు కొండల నమూనా: ఒకదాని మీద మంచు, ఒకదాని మీద ఇల్లు, ఒకదాని మీద శిలువ. బొమ్మని అవతలి పక్క కూర్చోబెట్టి, దానికి కొండలు ఎలా కనిపిస్తాయో చెప్పమంటే, చిన్నపిల్లలు తమకి కనిపించేదే చూపించారు. మన రేవు పక్కన సరిగ్గా మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. కాలువ గుండా లోపలికొచ్చే ఓడవాడికి ఏ కొండ కుడిచేతి వైపు ఉంటుందని ఒడ్డునున్న అయిదేళ్ళ పిల్లాణ్ణి అడగండి, తన కుడిచెయ్యే చూపిస్తాడు.

ఏడు నుంచి పదకొండు దాకా మూడో మెట్టు. పొట్టి గ్లాసులో మజ్జిగని సన్నటి పొడుగు గ్లాసులోకి ఒంపితే ఎక్కువైందని అంతకుముందు పేచీ పెట్టినవాడు ఇప్పుడు పెట్టడు. ఉక్కు ఫ్యాక్టరీలో లావుపాటి బిల్లెట్‌ని సాగదీసి తీగచుట్ట చేస్తే ఉక్కు పెరిగిపోదని ఉక్కునగరం పిల్లాణ్ణి ఈ వయసులో ఒప్పించవచ్చు. పాఠ్యపుస్తకాలు దీన్నే పదిలపరచుకునే భావన అంటాయి. పదకొండు దాటాక, చేతిలో వస్తువు లేకుండానే "ఒకవేళ ఇలా అయితే" అని ఊహించి తేల్చుకునే శక్తి మొదలవుతుంది. 1955లో పియాజె, ఇన్‌హెల్డర్ తెచ్చిన పుస్తకంలో లోలకంతో పాటు తేలే వస్తువులూ మళ్ళీ వచ్చాయి.

ఈ మెట్లని తరవాతివాళ్ళు గట్టిగానే కుదిపారు. మూడున్నర నెలల పసికందు కూడా దాగిన వస్తువు ఉందనే అనుకుంటుందని, పిల్లల చూపు ఎంతసేపు నిలుస్తుందో కొలిచి 1980ల్లో రెనే బయార్జాన్ వాదించింది. పెద్దవాళ్ళు ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే, మొదటి జవాబు తప్పేమోనని పిల్లలు మార్చేస్తారని 1978లో మార్గరెట్ డొనాల్డ్‌సన్ రాసింది. పియాజె పుట్టిన ఏడాదే పుట్టి 1934లోనే పోయిన రష్యన్ లెవ్ విగోత్‌స్కీది ఇంకో దారి: పిల్ల ఒంటరిగా ఎదగదు, తనకంటే తెలిసినవాళ్ళ చెయ్యి పట్టుకుని ఎదుగుతుంది. అమ్మ చేపల బుట్టతో బజారుకెళితే చంకన తమ్ముణ్ణి వేసుకుని అన్నీ చెప్పే జాలరిపేట అక్కల్ని చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు.

పియాజె కూడా తన లెక్క సవరించుకున్నాడు. నాలుగో మెట్టు ఆలోచన అందరికీ అన్ని విషయాల్లో రాకపోవచ్చు, ఎవరి పనిలో వాళ్ళకి రావచ్చునని 1972లో రాశాడు. వడ్రంగినీ మెకానిక్‌నీ ఉదాహరణగా చూపాడు. 1948లో 'జల ఉష' ఓడని నెహ్రూ నీళ్ళలోకి దింపిన షిప్‌యార్డ్ ఈ ఊళ్ళోదే. బడిలో ఆర్కిమెడిస్ సూత్రం అప్పజెప్పలేకపోయిన ఫిట్టర్ కూడా అక్కడ ఇనుముని తేలేలా చేస్తాడు.

ఇక మన దేశంలో పసివాళ్ళ చదువు సంగతికొస్తే, 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకంతో అంగన్‌వాడీలు వచ్చాయి. 2020 విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసుని పునాది దశ అంది. పియాజె పేరు మన పరీక్షల్లో ఒక మార్కు ప్రశ్నయింది, నాలుగింటిలో సరైనదాన్ని గుర్తించమంటారు. సరైన జవాబు పక్కనపెట్టి తప్పుని చదివిన మనిషికి దక్కిన గౌరవం అది!

"దానికి ఈతొచ్చు" అన్న పిల్ల ఏం చేసిందో మరొక్కసారి చూడండి. జాలరిపేట కుర్రాళ్ళు అలల్లో మునగకపోవడం చూసింది. ఈతొచ్చినవాళ్ళు మునగరని తేల్చుకుంది. ఓడ మునగలేదు కాబట్టి దానికీ వచ్చంది. ఆ మాట కొట్టేయకుండా, "మరి కదలకుండా అక్కడే నిలబడిందేమే?" అని అడిగి చూడండి. "అలిసిపోయింది" అంటుందేమో.