తపాలా చదరంగం: మద్రాసు – హైదరాబాదు పోటీ (1828–29)

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలను 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేయగా, అవి హైదరాబాదు ఏలుబడి నుండి మద్రాసు పాలనలోకి వచ్చాయి. మూడు దశాబ్దాలు గడవకముందే ఆ రెండు నగరాలు చదరంగపు పలకపై ఎదురుపడ్డాయి. 1828–29లో మద్రాసు, హైదరాబాదుల మధ్య ఉత్తరాల ద్వారా రెండు ఆటలు సాగాయి. అంతకు కొద్దికాలం ముందే ఎడింబరో, లండన్ నగరాలు 1824 నుండి 1828 వరకు ఇదే తీరున తలపడ్డాయి.

మద్రాసు ఆటల వివరాలు, మూజియో గాంబిట్ విశ్లేషణ కలిపి 1829లో మద్రాసులో గ్రంథంగా వెలువడ్డాయి. వ్యాఖ్యాతలు గులాం ఖాసిం, మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన జేమ్స్ కాక్రేన్. మద్రాసు పక్షపు ఎత్తులకు ప్రధాన నిర్దేశకుడు ఖాసిమేనని గ్రంథ ముఖపత్రమే పేర్కొంటుంది. వలస ప్రభుత్వోద్యోగి పేరు పక్కన దేశీయుని పేరు ఇంత స్పష్టంగా కనిపించడం ఆ కాలానికి చిన్న విషయం కాదు.

ఈ గ్రంథపు అసలు విశేషం వేరొకటి. దేశీయ చదరంగంలో సాధారణంగా బంటు ఒక్క గడే కదిలేది. కోట కట్టడం లేదు; రాజు ఒకసారి గుర్రపు దూకు దూకవచ్చు. మూజియోలో తొలి ఎత్తులే బంట్ల రెండు గడుల నడకలు. దాని ప్రాణం, గుర్రాన్ని బలియిచ్చి కట్టే కోట. అంటే ఖాసిం ఎంచుకొన్నది తన సంప్రదాయంలో అసలు పుట్టలేని ఆరంభాన్ని. 1814లో బొంబాయిలో తిరువేంగడాచార్య శాస్త్రి గ్రంథం వెలువడినప్పుడే ఐరోపా పద్ధతికి అనుసరణ మొదలైంది.

ఇరుపక్షాలూ మంత్రి వైపు శకటు ముందరి బంటును రెండేసి గడులు జరిపే సౌష్ఠవ పార్శ్వారంభం కూడా ఈ కొత్త నియమాల మీదనే నిలిచింది. ఈ ఆరంభపు తెల్లపావుల తొలి ఎత్తుకు ‘ఇంగ్లీష్’ అన్న పేరు, 1843లో పారిస్‌లో సెయింట్ అమాంతో ఆడిన పోటీలో స్టాంటన్ దానిని ప్రయోగించడం వల్ల వచ్చింది. ఒక్కొక్క గడి నడిచే పాత అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు. కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ 1850లలో జాన్ కాక్రేన్‌పై, గుర్రం ముందరి బంటును ఒక గడి జరిపి ఆ చోట శకటును నిలిపేవాడు (ఈ కాక్రేన్ మద్రాసు కాక్రేన్ కాదు, పేర్లు కలిసి పొరబాటు కలుగుతుంటుంది). ‘ఇండియన్’ రక్షణలన్న పేరు ఆ తీరు ఆటల నుండే వచ్చింది.