ప్రభుత్వ వకీలు రాసిన ఫుట్‌నోట్



ఈ వారం రాయాలనుకున్నది వేరే. శుక్రవారం రాత్రి ఒక ఫోన్ వచ్చింది, దానితో ఈ భాగం మారిపోయింది. నా దగ్గర డిగ్రీ చదివి, తర్వాత లా చేసి, ఇప్పుడు ఒక జిల్లాలో అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడర్‌గా పనిచేస్తున్న కుర్రాడు చేశాడు. వాళ్ల ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాడు వీడే. నల్లకోటు వేసుకుని ఊళ్లోకి వచ్చిన రోజున పల్లె పల్లెంతా చూడ్డానికొచ్చిందని వాళ్లమ్మ ఇప్పటికీ చెప్తుంది.

"మేడమ్, ఒక అసైన్డ్ భూమి కేసు. పట్టాలు మనవాళ్లవి. ఫైల్లో పాత తనిఖీ రిపోర్టు ఉంది. వీళ్లే దున్నుకుంటున్నారని స్పష్టంగా రాశారు. ఇప్పుడు నన్ను వేయమంటున్న కౌంటర్లో మాత్రం భూమి ఖాళీగా ఉందని ఉంది. ఆ రిపోర్టు ప్రస్తావన తీసేయమంటున్నారు. ఏం చేయను?"

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. చట్టం గురించి వాడికి నేనేం చెప్తాను? కానీ ఫుట్‌నోట్ల గురించి కొంచెం తెలుసు. నా పీహెచ్‌డీలో సగం కాలం పాఠభేదాలతోనే గడిచింది. ఏ ప్రతిలో ఏ మాట ఉంది, ఏ ప్రతిలో ఎవరు దాన్ని మార్చారు, ఎందుకు మార్చారు అన్నదే పని. అందుకని వాడికి ఒక ఫుట్‌నోట్ కథ చెప్పాను. 1944 సెప్టెంబర్లో వాషింగ్టన్లో ఇద్దరు ప్రభుత్వ వకీళ్లు రాసిన ఫుట్‌నోట్ అది. ఆ కథే మీకూ.

1941 డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. పదకొండు వారాలు తిరక్కుండానే, 1942 ఫిబ్రవరి 19న, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఆ ఉత్తర్వులో జపనీయులు అన్న మాట ఎక్కడా లేదు. సైన్యం ఎవరినైనా, ఏ ప్రాంతం నుంచైనా ఖాళీ చేయించవచ్చని మాత్రమే ఉంది. పేరు రాయకుండా పని జరిపించే ఉత్తర్వులు మనకి కొత్త కాదు కదా. పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ సంతతి వాళ్లు సుమారు 1,20,000 మందిని ఇళ్లు, పొలాలు, కొట్లు వదిలించి ముళ్లకంచెల శిబిరాలకు తోలారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అక్కడే పుట్టిన అమెరికా పౌరులు. వీళ్ల తప్పేమిటో ఎవరూ విచారించలేదు. పుట్టుకే రుజువైపోయింది.

స్టువర్టుపురం పేరు వినగానే ఇప్పటికీ నవ్వే మనుషులున్నారు. ఒక కులంలో పుట్టినందుకు పోలీసు రిజిస్టర్లో పేరెక్కి, సెటిల్‌మెంటు దాటాలంటే అనుమతి అడుక్కున్న ఎరుకలవాళ్లు మన బాపట్ల పక్కనే ఉన్నారు. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం 1952 దాకా పోలేదు. కాబట్టి ఈ అమెరికా కథ అర్థం చేసుకోవడానికి మనం దూరం వెళ్లక్కర్లేదు.

ఇక వకీళ్ల సంగతి. న్యాయశాఖలో శత్రుదేశాల పౌరుల వ్యవహారాలు చూసే విభాగానికి అధిపతి ఎడ్వర్డ్ ఎన్నిస్. ఆయన మొదటినుంచీ ఈ తరలింపు వద్దన్నవాడు. 1942 ఫిబ్రవరి 17 రాత్రి అటార్నీ జనరల్ బిడిల్ ఇంట్లో సమావేశం జరిగింది. ఎన్నిస్, ఆయన సహచరుడు జేమ్స్ రో పౌరుల్ని ఇలా తరలించడం తగదని వాదిస్తుండగానే సైన్యం తరఫు అధికారి జేబులోంచి ఉత్తర్వు ముసాయిదా తీసి చదివాడు. బిడిల్ అప్పటికే ఒప్పేసుకున్నాడు. ఆ సంగతి ఈ ఇద్దరికీ ఆ గదిలోనే తెలిసింది. ఎన్నిస్ కళ్లలో నీళ్లు తిరిగాయని అంటారు.

అయినా ఆయన రాజీనామా చేయలేదు. అదే ఉత్తర్వుని కోర్టుల్లో సమర్థించే బాధ్యత ఆయన మీదే పడింది. ఇక్కడే నాకు ఈ మనిషి మీద ఆసక్తి, కోపం రెండూ మొదలవుతాయి.

ఉత్తర్వుని ధిక్కరించిన వాళ్లు కొద్దిమందే. కాలేజీ విద్యార్థి గోర్డన్ హిరబయాషి, వకీలు మినోరు యసూయి, వెల్డింగ్ పని చేసే ఫ్రెడ్ కొరెమాట్సు. ముగ్గురికీ శిక్షలు పడ్డాయి, కేసులు సుప్రీంకోర్టుకి చేరాయి.

1943లో హిరబయాషి కేసుకి సిద్ధమవుతుండగా ఎన్నిస్ చేతికి నౌకాదళ గూఢచారి అధికారి కెన్నెత్ రింగిల్ రిపోర్టు వచ్చింది. రింగిల్ జపనీస్ భాష తెలిసినవాడు, ఆ జనం మధ్య తిరిగి సమాచారం సేకరించినవాడు. అనుమానించదగ్గవాళ్లు నూటికి ముగ్గురు కూడా ఉండరని, వాళ్లలో చాలామంది ఎవరో ఇప్పటికే తెలుసని, జాతి చూసి కాక మనిషి మనిషినీ విడివిడిగా విచారించాలని రాశాడు. ఏప్రిల్ 30న ఎన్నిస్ సొలిసిటర్ జనరల్ చార్లెస్ ఫాహీకి మెమో పంపాడు. ఈ రిపోర్టు సంగతి కోర్టుకి చెప్పాల్సిన బాధ్యత మన మీద ఉంది, చెప్పకపోతే సాక్ష్యాన్ని తొక్కిపెట్టినట్టే అవుతుందని దాని సారాంశం. ఫాహీ చెప్పలేదు. జూన్ 21న కోర్టు ఏకగ్రీవంగా ప్రభుత్వం వైపు తీర్పు ఇచ్చింది.

ఇదే సమయంలో యుద్ధశాఖలో ఇంకో పాఠభేదం తయారైంది. నా లాంటి వాళ్లకి ఇది పండగ. తరలింపు నడిపిన జనరల్ డివిట్ తన తుది నివేదికని 1943 ఏప్రిల్లో అచ్చువేయించి పంపాడు. కోర్టులో ప్రభుత్వం చెప్తున్నది, విడివిడిగా విచారించే టైము లేక అందర్నీ తరలించామని. డివిట్ మాత్రం టైము ప్రశ్నే కాదని రాశాడు. ఎంత టైమిచ్చినా ఈ జాతిలో మంచివాడెవడో చెడ్డవాడెవడో తేల్చడం కుదరదన్నది ఆయన మాట. మనసులో ఉన్నది దాచుకోకుండా రాసేశాడు పాపం. యుద్ధశాఖ సహాయ కార్యదర్శి జాన్ మెక్‌క్లాయ్ అది చూసి కంగారుపడి మార్పించాడు. పాత ప్రతుల్ని వెనక్కి తెప్పించి, చిత్తుప్రతులతో సహా తగలబెట్టించారు. తగలబెట్టామని ఒక సైనికోద్యోగి సర్టిఫికెట్ కూడా రాశాడు. ప్రభుత్వ కచేరీల్లో ఉన్న గొప్పతనం ఇదే. సాక్ష్యం కాల్చినా కాల్చినట్టు సాక్ష్యం ఫైల్లో ఉంటుంది.

మార్చిన నివేదిక 1944 జనవరిలో బయటికొచ్చింది. తీరం నుంచి జపాన్ ఓడలకి రేడియో సంకేతాలు, దీపాల సైగలు వెళ్లాయని అందులో ఉంది. కొరెమాట్సు కేసు చూస్తున్న ఎన్నిస్‌కీ, ఆయన కింద పనిచేసే జాన్ బర్లింగ్‌కీ అనుమానం వచ్చి వాకబు చేయించారు. రేడియో ప్రసారాల మీద నిఘా పెట్టేది ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్. దాని అధిపతి జేమ్స్ ఫ్లై జవాబు రాశాడు. వచ్చిన ప్రతి ఫిర్యాదునీ పరిశీలించాం, అలాంటి అక్రమ ప్రసారం ఒక్కటీ లేదు, ఈ సంగతి డివిట్ ఆఫీసుకి అప్పుడే తెలుసు అని. ఎఫ్‌బీఐ కూడా తమ దగ్గర అలాంటి సమాచారం లేదంది. ఎఫ్‌బీఐ అధిపతి హూవర్, ఆయనేమీ పౌరహక్కుల మనిషి కాదు.

అప్పుడు బర్లింగ్ ఆ ఫుట్‌నోట్ రాశాడు. శిబిరాలు, తరలింపు, అంకెల వరకే డివిట్ నివేదికని వాడుకుంటున్నాం. తరలింపు ఎందుకు అవసరమైందో చెప్పే భాగం, ముఖ్యంగా రేడియోల సంగతి, న్యాయశాఖ దగ్గరున్న సమాచారానికి విరుద్ధంగా ఉంది. కాబట్టి దాన్ని కోర్టు నిజమని తీసుకోవాలని మేం అడగడం లేదు. ఇంతే. మూడు నాలుగు వాక్యాలు. సుప్రీంకోర్టులో ప్రభుత్వం తరఫు బ్రీఫులో, అడుగున, చిన్న అక్షరాల్లో, మా సైన్యం చెప్పింది నమ్మకండి అని ప్రభుత్వ వకీలే రాసినట్టు.

బ్రీఫు అచ్చుకి వెళ్లింది. సంగతి మెక్‌క్లాయ్‌కి తెలిసింది. సెప్టెంబర్ 30న అచ్చు ఆపేశారు. ఎన్నిస్ ఆ రోజే తన పైనున్న హెర్బర్ట్ వెక్స్‌లర్‌కి మెమో రాశాడు. ఆ నివేదికలో ఉన్నవి కావాలని చెప్పిన అబద్ధాలని, ఒక జాతి మీద వేసిన నిందల్ని దిద్దే అవకాశం మనకి తప్ప ఎవరికీ లేదని వాదించాడు. బ్రీఫు మీద సంతకం పెట్టకూడదని ఆయనా బర్లింగూ ఆలోచించారు కూడా. మధ్యేమార్గం కనిపెట్టింది వెక్స్‌లర్. తరలింపుకి సంబంధించి ఈ బ్రీఫులో మేం పేర్కొన్న విషయాల మేరకే నివేదికపై ఆధారపడుతున్నాం అన్న అర్థం వచ్చేలా కొత్త ఫుట్‌నోట్. చదివి చూడండి, ఏమైనా తెలిసిందా? తెలియకూడదనే రాశారు. పాఠం పరిష్కరించడమంటే చీకటి తీసేయడమని మా గైడ్‌గారు అనేవారు. ఇది దానికి తిరగబెట్టిన పని.

ఎన్నిస్, బర్లింగ్ సంతకాలు పెట్టారు.

అక్టోబర్లో వాదనలు జరిగినప్పుడు ఎదుటి పక్షం వకీలు ఆ ఫుట్‌నోట్ ఏదో వింతగా ఉందని పట్టుకున్నాడు. ఫాహీ దాన్ని తోసిపుచ్చాడు. బాధ్యతగల పదవిలో ఉన్న ఏ ఒక్కరూ ఈ తరలింపుకి భిన్నమైన వైఖరి తీసుకోలేదని కోర్టుకి చెప్పాడు. ఆ మాట అంటున్నప్పుడు బ్రీఫు మీద ఎన్నిస్ పేరుంది. డిసెంబర్ 18న 6-3తో కొరెమాట్సు ఓడిపోయాడు. ఫాహీని సమర్థించేవాళ్లు లేకపోలేదు. చివరి ఫుట్‌నోట్‌తో నివేదికని కొంతైనా పక్కన పెట్టాడు కదా అంటారు. నాకా వాదన రుచించదు. న్యాయమూర్తికి అర్థం కాకుండా రాసిన జాగ్రత్త ఎవరి కోసం?

ఇక్కడ ఒక నల్లజాతి వకీలుని తలచుకోకపోతే తప్పు. విలియం హేస్టీ. 1933 నుంచి అంతర్గత వ్యవహారాల శాఖలో సహాయ సొలిసిటర్, తర్వాత ఫెడరల్ జడ్జి, హోవార్డ్ లా స్కూల్ డీన్. 1940లో యుద్ధశాఖ కార్యదర్శికి నల్లజాతి సైనికుల విషయంలో సలహాదారుగా వెళ్లాడు. వెళ్లాక తెలిసింది, సలహా అడిగేవాళ్లు లేరని. నల్ల సైనికుల విధానం మీద కమిటీ వేసి, దాంట్లో హేస్టీకి చోటివ్వలేదు. ఆ కమిటీ అధ్యక్షుడు ఎవరనుకున్నారు? అదే మెక్‌క్లాయ్. వైమానిక దళం నల్లవాళ్లకి విడి శిక్షణ అంటూ వేరు కుండల పద్ధతి పెంచుకుంటూ పోతుంటే 1943 జనవరిలో హేస్టీ రాజీనామా చేసి, కారణాలు పత్రికలకి చెప్పేశాడు. ఆ తర్వాత విమానదళం కొన్ని పద్ధతులు మార్చుకోక తప్పలేదు.

మనకీ ఇలాంటి గుమ్మం దాటినవాళ్లున్నారు. కారంచేడు తర్వాత హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసిన బొజ్జా తారకం ఉన్నారు. 1951లో న్యాయమంత్రి పదవి వదిలిన బాబాసాహెబ్ ఉన్నారు. కానీ అదే బాబాసాహెబ్ అంతకుముందు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా నాలుగేళ్లు కూర్చుని పని చేయించారన్నది కూడా మర్చిపోవద్దు. బయటికి రావడమే గొప్ప, లోపల ఉండటమే ద్రోహం అనుకునే కుర్రకారుకి ఈ మాట.

మళ్లీ ఫైల్లోకి. 1981లో పీటర్ ఐరన్స్ అనే న్యాయ చరిత్రకారుడు సమాచార హక్కు చట్టం కింద ఆ కేసుల కాగితాలు అడిగాడు. పెట్టెల్లో ఎన్నిస్ మెమోలు, బర్లింగ్ చిత్తుప్రతి అలాగే ఉన్నాయి. మరుసటి ఏడాది, ఒకప్పుడు శిబిరంలో ఉండి వచ్చిన ఐకో హెర్జిగ్-యోషినాగా అనే ఆవిడకి జాతీయ భాండాగారంలో ఒక బల్ల మీద డివిట్ పాత నివేదిక కనిపించింది. తగలబడకుండా మిగిలిన ప్రతి. ఆవిడ పెద్ద డిగ్రీలున్న పరిశోధకురాలు కాదు. రోజూ వెళ్లి కాగితాలు తిరగేసిన మనిషి. నాకైతే ఈ మొత్తం కథలో అందరికంటే ఆవిడే ఇష్టం.

ఆ కాగితాలతోనే 1983 నవంబర్ 10న న్యాయమూర్తి మెరిలిన్ పటేల్ కొరెమాట్సు శిక్షని రద్దు చేసింది. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. 2011 మే 20న తాత్కాలిక సొలిసిటర్ జనరల్ నీల్ కత్యాల్, భారతదేశం నుంచి వలస వెళ్లిన దంపతుల కొడుకు, తన కుర్చీలో ఒకప్పుడు కూర్చున్న ఫాహీ తప్పు చేశాడని ప్రభుత్వం తరఫున బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఎన్నిస్ ఉద్యోగం మానేశాక పౌరహక్కుల సంఘం అధ్యక్షుడయ్యాడు, ముసలితనంలో హిరబయాషి తరఫున కోర్టుకొచ్చి సాక్ష్యమిచ్చాడు.

ఫాహీ ఏమయ్యాడంటారా? 1948లో ట్రూమన్ సైన్యంలో జాతి వివక్ష తొలగించడానికి కమిటీ వేసి, దానికి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశాడు. ఆ పని ఆయన నిజంగానే బాగా చేశాడు. హేస్టీ లోపల చేయలేక బయటికొచ్చిన పని అది. ఈ ముడి నాకింకా విడలేదు.

ఇదంతా విని మా కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు.

"నా అభ్యంతరం నోట్ ఫైల్లో రాశాను మేడమ్. తనిఖీ రిపోర్టు తేదీ, పేజీ నంబరు వేసి, కింద సంతకం పెట్టాను."

"మరి కౌంటర్ మీద సంతకం?"

"సోమవారం దాకా టైముంది మేడమ్."